కడిగే చేయిని చూసి స్కోప్ కొనండి

(శ్రీకాకుళంలో నర్సింగ్, ఓటీ టెక్నీషియన్ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత థియేటర్ సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న డాక్టరు గార్లకు, మేడమ్ గార్లకు నమస్కారం. పిల్లలూ, వెనక వరసకు వినబడుతోందా? సరే.

ఈ టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి రెండు స్కోపులు పెట్టాను, మూత్రం దారిలోంచి లోపలికి పంపి చూసే సన్న గొట్టాలు. నల్లగా ఉన్నది పాతది, కడిగి మళ్ళీ మళ్ళీ వాడేది. ఇక రిపేరుకు కూడా పనికిరాదని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ హ్యాండిల్ ఉన్నది ఒక్కసారి వాడి పారేసేది. డేటు దాటిపోయిన ప్యాకెట్టు, డెమోకని ఇచ్చారు, ఏ రోగికీ వాడలేదు. ఈ రెండింటిలో ఏది మంచిదో చెప్పమని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్ళకు పైగా థియేటర్లో ఉన్నదాన్ని, అందులో సగం యూరాలజీ, అంటే మూత్రకోశ జబ్బుల, టేబుల్ పక్కనే నిలబడ్డాను. అయినా ఆ ప్రశ్నకు నేను ఒక్క మాటలో జవాబు చెప్పను. ముందు మీకు ఒక బుడగ సంగతి చెప్తాను.

స్కోప్ కడిగే ముందు లీక్ టెస్ట్ చేస్తాం. స్కోప్‌కి ఒక చిన్న పంపు తగిలించి లోపలికి గాలి పంపి, నీళ్ళ తొట్టిలో ముంచి, తల అటూ ఇటూ వంచుతూ చూస్తాం. ముంచగానే పైన అంటుకున్న బుడగలు నాలుగు పోతాయి, వాటితో భయం లేదు. అవి పోయాక కూడా వంగే చోటు నుంచి సూదిమొనంత బుడగ ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి, మళ్ళీ అదే చోటు నుంచి ఇంకొకటి వస్తోందంటే, అక్కడ రబ్బరుకు చిల్లు పడిందన్నమాట. గాలి బయటికి వచ్చే దారి ఉంటే, రోగి ఒంట్లోని నీరు, రక్తం లోపలికి పోయే దారి కూడా అదే. అలా లోపలికి పోయినదాన్ని ఏ బ్రష్షూ అందుకోలేదు.

ఒకరోజు లిస్టులో ఏడు కేసులు. ఫ్లెక్సిబుల్ స్కోప్, అంటే వంగేది, ఒక్కటే. నేను అప్పుడు పనిచేస్తున్నది ఎక్కడన్నది ఇక్కడ అక్కర్లేదు, తప్పు నాది. రెండో కేసు అయ్యాక, ‘సిస్టర్, మూడో పేషెంటుకి మత్తు ఇచ్చేశాం, స్కోప్ ఏది’ అని లోపలి నుంచి కేక. బ్రష్ చేశాను, సూక్ష్మజీవులను చంపే మందులో నానబెట్టాను, కడిగాను. లీక్ టెస్ట్ మాత్రం చెయ్యలేదు. పొద్దున చేశాను కదా, బాగానే ఉంది కదా అనుకున్నాను. నాలుగో కేసుకు ముందు కాస్త తీరిక దొరికి టెస్ట్ పెడితే, ఆ బుడగ కనబడింది. చిల్లు ఎప్పుడు పడిందో దేవుడికే తెలియాలి. రాయి పగలగొట్టే లేజర్ ఫైబర్ తగిలి రెండో కేసులోనే పడి ఉండొచ్చు, మూడో కేసులో పడి ఉండొచ్చు.

ఆ మూడో పేషెంటు కిడ్నీలో రాయి తీయించుకోవడానికి సోంపేట వైపు నుంచి వచ్చిన కొబ్బరి దింపు కూలీ. రాత్రి తొమ్మిదింటికి చలిజ్వరం పట్టుకుంది. మంచం గడగడలాడింది. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని, ‘రాయి తీసీసినారు కదమ్మా, మరి ఈ వణుకేటి?’ అని అడిగింది. ‘ఆపరేషన్ అయ్యాక ఒక్కోసారి వస్తుందమ్మా, తగ్గిపోతుంది’ అన్నాను. అది అబద్ధం కాదు. రాళ్ళలోనే సూక్ష్మజీవులు దాగి ఉంటాయి, రాయి పగలగొడితే అవి బయటపడి జ్వరం రావడం మామూలే. కానీ నాకు తెలిసిన సంగతి ఆవిడకు చెప్పలేదు. అతను వారం రోజులు యాంటీబయాటిక్ మీద ఉండి కోలుకుని ఇంటికెళ్ళాడు. ఆ జ్వరం స్కోప్ వల్లే వచ్చిందని నేను ఇవాళ్టికీ రుజువు చెయ్యలేను, కాదనీ చెప్పలేను. ఆ ‘కాదనీ చెప్పలేకపోవడం’ నన్ను చాలా ఏళ్ళు పట్టి ఉంచింది. అందుకే ఈ విషయం మీద ఎవరు పిలిచినా వెళ్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటి ఏడాది పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. మూత్రాశయంలోకి చూసేది సిస్టోస్కోప్. దాన్ని దాటి మూత్రనాళంలోకి, కిడ్నీ దాకా వెళ్ళేది యురెటరోస్కోప్. వీటిలో గట్టి లోహపు గొట్టాలున్నాయి, వంగేవీ ఉన్నాయి. 1879లో వియన్నాలో మ్యాక్స్ నిట్జ్ అనే డాక్టరు మొదటి సిస్టోస్కోప్ చూపించినప్పుడు దాని చివర వెలుగు కోసం ప్లాటినం తీగను ఎర్రగా కాల్చేవారు, ఒంట్లో కాలకుండా చుట్టూ చన్నీళ్ళు తిప్పేవారు. అక్కడి నుంచి గాజు కడ్డీల లెన్సుల దాకా వచ్చాం, ఆ లెన్సులు హరాల్డ్ హాప్కిన్స్ చేసిన పని. ఆయన దగ్గరే మన పంజాబ్ మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ చదువుకుని, వెంట్రుకల్లాంటి గాజు పోగుల కట్టలోంచి బొమ్మను వంకర దారిలో కూడా పంపవచ్చని చూపించాడు. ఇద్దరూ కలిసి 1954లో దాన్ని ప్రచురించారు. వంగే స్కోపులన్నిటికీ మూలం అదే. ఈ రోజుల్లో ఆ పోగుల చోటులో చాలావరకు స్కోప్ కొసనే ఆవగింజంత కెమెరా చిప్ వచ్చేసింది.

గట్టి స్కోపులతో మనకు ఈ పేచీ తక్కువ. ఆటోక్లేవ్ తట్టుకునేలా చేసినవైతే 134 డిగ్రీల ఆవిరిలో పెట్టవచ్చు, గొట్టం తిన్నగా ఉంటుంది, బ్రష్ తిన్నగా పోతుంది. గొడవంతా వంగేదానితోనే. ఇదిగో, ఈ యురెటరోస్కోప్ లావు 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పొడవు రెండడుగులకు పైనే. దీని లోపల పనిముట్లు పోయే సందు ఎంతో తెలుసా? మిల్లీమీటరు, దాని మీద ఇంకో అయిదో వంతు. లేజర్ ఫైబరు, రాయిని పట్టే బుట్ట, కడిగే సెలైను, అన్నీ ఆ సందులోంచే. రక్తం, రాతి పొడి వెనక్కి వచ్చేదీ ఆ సందులోంచే. జిగురు, రబ్బరు, సన్నటి తీగలు ఉండటం వల్ల దీన్ని ఆటోక్లేవ్‌లో పెట్టలేం. మందుల్లో నానబెట్టాలి, లేదా సూక్ష్మజీవులను చంపే ప్లాస్మా మిషన్లోనో ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్) గ్యాస్‌లోనో పెట్టాలి. గ్యాస్ అయితే ఆ తర్వాత విషవాయువు పూర్తిగా పోయేదాకా గంటల తరబడి గాలాడనివ్వాలి, ఒక స్కోప్‌తో అదే రోజు రెండో కేసు మాట మరిచిపోవాలి.

పొందూరు ఖద్దరు నేసే ఇళ్ళకు మీలో ఎంతమంది వెళ్ళారు? నేను చిన్నప్పుడు మా అమ్మమ్మతో వెళ్ళేదాన్ని. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఇనప దువ్వెన ఉంది కదా, యంత్రం ఉంది కదా అంటే ఒప్పుకోరు. ఆ సన్నటి పళ్ళతో దువ్వితేనే నలుసు పోయి పోగు శుభ్రపడుతుందని వాళ్ళ నమ్మకం, తరాల అనుభవం. ఒక ముసలమ్మ చేతిలో చిటికెడు పత్తి పెట్టుకుని కళ్ళకు దగ్గరగా పట్టుకుని దువ్వుతూ ఉండేది, ఎంతసేపైనా సరే. స్కోప్ సందులో బ్రష్ తిప్పుతున్నప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. బ్రష్ అవతలి కొస నుంచి బయటికి వచ్చాక దాని కుచ్చు చూడాలి. మరక ఉందా, మళ్ళీ. ఇంకా ఉందా, మళ్ళీ. ‘మూడుసార్లు తిప్పేశాను’ అన్నది లెక్క కాదు, కుచ్చు తెల్లగా వచ్చిందా అన్నదే లెక్క.

కడగడం అంటే మందులో ముంచడం అని చాలామంది అనుకుంటారు. అసలు పని అంతకు ముందే అయిపోవాలి. కేసు అయిన వెంటనే, టేబుల్ దగ్గరే, స్కోప్ పైభాగం తుడిచి సందులోంచి నీళ్ళు పంపాలి. ఎందుకంత తొందర? అన్నం తిన్న కంచం రాత్రంతా వదిలేస్తే మెతుకు ఎలా అంటుకుపోతుందో మీకు తెలుసు. ఇక్కడ అంటుకునేది రక్తం, మాంసకృత్తులు. అవి ఎండితే వాటి కింద సూక్ష్మజీవులు గూడు కట్టుకుంటాయి. నూతి గట్టు మీద పాచి చూశారు కదా, కాలు జారుతుంది, నీళ్ళు పోస్తే పోదు, గీకితేనే పోతుంది. స్కోప్ సందులో అలాంటి పాచి పడితే పైన ఎంత మందు పోసినా లోపలి దానికి చేరదు. అందుకే లీక్ టెస్ట్, ఎంజైమ్ ద్రావణం, బ్రష్, మంచినీళ్ళతో కడగడం, భూతద్దంతో చూడటం, ఇవన్నీ అయ్యాకే మందు.

మందు దగ్గర కూడా గడియారం, పట్టీ రెండూ చూడాలి. 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అయితే కనీసం 20 నిమిషాలు. స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని దాగి ఉండే సూక్ష్మజీవులు కూడా చావాలంటే పది గంటలు. ఎన్ని రోజుల కిందట కలిపిన మందు? డబ్బా మీద తేదీ రాశారా? టెస్ట్ స్ట్రిప్ పెట్టి చూశారా? గది తలుపులన్నీ మూసి గ్లూటరాల్డిహైడ్ తొట్టి మీద వంగి పనిచేసి, కళ్ళు మండి, దగ్గు పట్టి, అదేదో మన ఖర్మ అనుకున్న సిస్టర్లు నాకు తెలుసు. గాలి పోయే దారి అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

ఇంకొక మందు ఉంది, ఓపీఏ (ఆర్థో థాలాల్డిహైడ్). వాసన తక్కువ, పని తొందరగా అవుతుంది, అందుకని అందరికీ ఇష్టం. కానీ యూరాలజీలో పనిచేసేవాళ్ళు దీని గురించి ఒక్క సంగతి మరచిపోకూడదు. మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళకు కొన్ని నెలలకోసారి సిస్టోస్కోపీ చేస్తూనే ఉంటారు. ఓపీఏతో శుభ్రం చేసిన స్కోప్‌లు అలా పదే పదే వాడినప్పుడు కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం లాంటి తీవ్రమైన ఎలర్జీ వచ్చింది. అందుకే ఆ రోగులకు వాడే యూరాలజీ స్కోప్‌లకు ఓపీఏ వద్దని ఆ మందు తయారీదారు సూచనల్లోనే రాసి ఉంటుంది. డబ్బాతో వచ్చే కాగితం చదవండి.

చివరిది, అందరూ వదిలేసేది, ఆరబెట్టడం. సందులో ఒక్క చుక్క మిగిలితే చాలు. అనుకూలమైన తడిలో ఈ.కోలై లాంటి సూక్ష్మజీవి 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు అని ఎనిమిది గంటలు లెక్కవేయండి, కోటిన్నర దాటుతుంది. సాయంత్రం కడిగి తడిగా పెట్టెలో చుట్టి పెట్టి, పొద్దున ‘నిన్ననే క్లీన్ చేశాను సార్’ అంటే అది క్లీన్ కాదు. గాలి పంపి, ఆల్కహాల్ పంపి, మళ్ళీ గాలి పంపి, నిలువుగా వేలాడదీయాలి. మన సముద్రపు గాలి సంగతి మీకు చెప్పాలా, కళింగపట్నంలో ఉతికిన చీర రెండో రోజుకు కూడా ఆరదు.

ఇవన్నీ సక్రమంగా చేస్తే ఒక స్కోప్‌కి గంటకు పైనే పడుతుంది. మరి ఒక్క స్కోప్‌తో రోజుకు ఏడు కేసులంటే, ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? ఏదో ఒకటి వదిలేస్తేనే వస్తుంది. ఆ రోజు నేను వదిలింది లీక్ టెస్ట్. ఇంకొకరు బ్రష్ వదులుతారు, ఇంకొకరు ఆరబెట్టడం వదులుతారు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. డబ్బుకూ మిషన్లకూ లోటు లేని అమెరికాలో, మందులనూ వైద్య పరికరాలనూ అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021 ఏప్రిల్‌లో డాక్టర్లందరికీ ఉత్తరం రాసింది. 2017 జనవరి నుంచి 2021 ఫిబ్రవరి దాకా, కడిగి వాడే యూరాలజీ స్కోపుల వల్ల ఇన్ఫెక్షన్ వచ్చిందనో, స్కోప్ కలుషితమై ఉండొచ్చనో 450కి పైగా నివేదికలు వచ్చాయని అందులో చెప్పింది. వాటిలో మూడు మరణాలు కూడా ఉన్నాయి, అవి అమెరికా బయట జరిగినవి. అన్నిటికీ స్కోపే కారణమని ఎఫ్‌డీఏ అనలేదు. కానీ సరిగ్గా కడగకపోవడం, దెబ్బతిన్న స్కోప్‌ని వాడటం కారణాలు కావచ్చని చెప్పింది. చదివినప్పుడు నాకు ఆ సోంపేట మనిషే కళ్ళముందు కనబడ్డాడు.

అయితే డిస్పోజబుల్ కొనేస్తే సరిపోతుందా? ఫ్లెక్సిబుల్ యురెటరోస్కోప్‌లో పూర్తిగా పారేసేది 2016 ప్రాంతంలో పెద్ద ఎత్తున మార్కెట్లోకి వచ్చింది, తర్వాత సిస్టోస్కోపులూ వచ్చాయి, ఇప్పుడు చైనా కంపెనీలవి కూడా దొరుకుతున్నాయి. ప్యాకెట్టు చించితే స్టెరైల్‌గా చేతికి వస్తుంది, దాని మానిటర్‌కి తగిలిస్తే బొమ్మ వస్తుంది. కిందటి మనిషి మురికి దానిలో ఉండే ప్రశ్నే లేదు. ప్రతి కేసుకీ కొత్త రబ్బరు, కొత్త తీగలు. మొదట్లో బొమ్మ కొంచెం మసగ్గా ఉండేది, ఇప్పుడు చాలా మెరుగైంది. కొన్నిటిలో చివర చిన్న పట్టకారు కూడా దానిలోనే అమర్చి వస్తోంది, డీజే స్టెంట్ తీయడానికి.

డీజే స్టెంట్ మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. మన జిల్లాలో ఇది పెద్ద బాధ. రాయి తీశాక కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా ఒక సన్న గొట్టం వేసి పంపుతారు, కొన్ని వారాల్లో వచ్చి తీయించుకోమంటారు. మనవాళ్ళు ఏం చేస్తారు? నొప్పి తగ్గింది, ఇక హైదరాబాదో చెన్నైయో పనికి వెళ్ళిపోతారు. బిల్డింగు పని, రాత్రి వాచ్‌మన్ పని. ఏడాదికి సంక్రాంతికి వస్తారు. అప్పటికి స్టెంట్ చుట్టూ రాయి పేరుకుని, తీయడం ఒక పెద్ద ఆపరేషన్ అవుతుంది. కిడ్నీ పోయినవాళ్ళూ ఉన్నారు. టెక్కలిలోనో పాలకొండలోనో చిన్న ఆసుపత్రిలో, కడిగే ఏర్పాటు లేని చోట, ఒక డిస్పోజబుల్ సిస్టోస్కోప్ ఉంటే, జెల్లీ పెట్టి కొన్ని నిమిషాల్లో స్టెంట్ తీసి పంపేయవచ్చు. అతను రైలెక్కే ముందే పని అయిపోతుంది. ఇక్కడ నేను డిస్పోజబుల్ వైపే మాట్లాడతాను, ఖరీదైనా సరే. మీరు వార్డులో ఉంటే డిశ్చార్జి కాగితం మీద ‘స్టెంట్ ఉంది’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి, తీయాల్సిన తేదీ కూడా వేయండి. ఫోన్ నెంబరు ఇంటిదీ, మనిషిదీ రెండూ తీసుకోండి.

ఇంకొక చోట కూడా డిస్పోజబుల్ వైపే ఉంటాను. మన ఉద్దానం. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఆ ఊళ్ళలో కిడ్నీలు చెడిపోతున్నాయన్నది మీకు కొత్త కాదు, మీలో ఆ ఊళ్ళవాళ్ళు కూడా ఉంటారు. అది రాళ్ళ జబ్బు కాదు, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. కారణం ఇదీ అని ఇంకా తేలని జబ్బు అది. కానీ కిడ్నీలు ఇప్పటికే బలహీనపడ్డ మనిషికి రాయి కూడా వస్తే, లేదా డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు స్కోప్ అవసరమైతే, ఒంట్లో ఎదుర్కొనే శక్తి తక్కువ. మామూలు మనిషికి రెండు రోజుల జ్వరంతో పోయేది వాళ్ళ ప్రాణాల మీదికి తెస్తుంది. మూత్రంలో సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షలో, మందులకు లొంగనిది ముందే కనబడిన రోగి విషయంలో కూడా అంతే, అతనికి వాడిన స్కోప్ ఇంకొకరికి వెళ్ళకపోవడమే మంచిది.

తుఫాను రోజులు కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు ఎలా పడిపోయాయో చూశాం. కరెంటు లేదు, మోటారు లేదు, నీళ్ళు లేవు. ఆ రోజుల్లో ఎవరికైనా రాయి అడ్డుపడి, వెనక చీము పట్టి, జ్వరంతో వస్తే గంటల్లో దారి తెరవాలి. నీళ్ళే లేనప్పుడు స్కోప్ ఏం కడుగుతాం? జిల్లా స్థాయి ఆసుపత్రిలో తుఫాను సీజనుకు ముందు అరలో రెండు మూడు ప్యాకెట్లు డేటు చూసి పెట్టుకోవడం, జెనరేటర్లో డీజిల్ పోసి పెట్టుకోవడం లాంటిదే.

ఇప్పుడు ఈ ప్యాకెట్టు చూడండి, దగ్గరగా చూపిస్తాను. ఈ మూల ఒక చిన్న గుర్తు ఉంది. సున్నా చుట్టి, లోపల 2 అంకె వేసి, దాని మీద అడ్డంగా గీత కొట్టారు. రెండోసారి వద్దు అని అర్థం. ఏ భాషవాళ్ళకైనా అర్థం కావాలని పెట్టిన గుర్తు. రిటైరయ్యాక కొన్నాళ్ళు ఒక చోట పనిచేశాను. అక్కడ వెనక గదిలో ట్రేలో ఒక డిస్పోజబుల్ స్కోప్, దాని హ్యాండిల్ చుట్టూ తెల్ల ప్లాస్టర్, ప్లాస్టర్ మీద పెన్నుతో నాలుగు గీతలు. ‘ఇవేమిటమ్మా’ అని అడిగితే, ‘నాలుగు కేసులయ్యాయి మేడమ్, ఇంకా బాగానే వంగుతోంది’ అని చెప్పింది ఆ పిల్ల. ఆ పిల్ల తప్పు కాదు, ఎవరో చెప్తే చేసింది. పేషెంటు దగ్గర కొత్త స్కోప్ అని డబ్బు తీసుకున్నారు కూడా. ఆ సాయంత్రమే యాజమాన్యానికి చెప్పాను, వినలేదు, మర్నాటి నుంచి వెళ్ళలేదు.

ఇది ఎందుకు అన్నిటికన్నా చెడ్డదో చెప్తాను. కడిగి వాడే స్కోప్‌ని కడగడానికి వీలుగా తయారు చేస్తారు. ఏ బ్రష్, ఏ మందు, ఎంతసేపు, లీక్ ఎలా చూడాలి, అన్నీ పుస్తకంలో ఉంటాయి. ఇది ఒక్కసారికే తయారైంది. దీనికి లీక్ టెస్ట్ పంపు తగిలించే చోటే చాలా మోడళ్ళలో ఉండదు. గ్లూటరాల్డిహైడ్‌లో ముంచితే దీని జిగురు, ప్లాస్టిక్ ఏమవుతాయో తయారీదారు భరోసా ఇవ్వరు. కడిగి వాడేదానిలో ఉన్న భద్రతా లేదు, పారేసేదానిలో ఉన్న భద్రతా లేదు. అందుకే మా థియేటర్లో కేసు అవగానే డాక్టరు గారి ఎదుటే కత్తెరతో తల కింద కత్తిరించేవాళ్ళం. ఆ శబ్దం వినబడ్డాకే చేతి తొడుగులు తీసేదాన్ని. కత్తిరించినదాన్ని ఎర్ర సంచిలో వేయాలి, పసుపు సంచిలో కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గొట్టాలు, క్యాథెటర్లు లాంటి కలుషితమైన ప్లాస్టిక్‌కి ఎరుపు, కాల్చేవాటికి పసుపు. శుద్ధి చేయని శరీర భాగాలు, రక్తం అంటిన దూది, గుడ్డల లాంటివి 48 గంటలు దాటి ఆసుపత్రిలో ఉండకూడదు.

చెత్త పెరగదా అని మీలో ఎవరో అడగబోతున్నారు, ముఖాలు చూస్తే తెలుస్తోంది. పెరుగుతుంది. ప్రతి కేసుకూ ఒక కెమెరా, ఒక లైటు, రెండడుగుల గొట్టం చెత్తలోకి పోతుంటే నాకూ ప్రాణం ఉసూరుమంటుంది. కానీ కడగడానికి కూడా కరెంటు, నీళ్ళు, మందులు, చేతి తొడుగులు ఖర్చవుతాయి. ఆస్ట్రేలియాలో 2018లో వేసిన ఒక లెక్క ప్రకారం యురెటరోస్కోపీ కేసుకు డిస్పోజబుల్ వల్ల 4.43 కిలోలు, కడిగి వాడేదాని వల్ల 4.47 కిలోల కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. దాదాపు సమానం. తర్వాత సిస్టోస్కోపుల మీద వేసిన లెక్కల్లో ఒకటి పారేసేదే మేలంది, ఇంకొకటి కడిగేదే చాలా మేలంది. కడిగే పద్ధతిని బట్టి, ఆ ఊరి కరెంటును బట్టి లెక్క మారిపోతుంది. కాబట్టి పర్యావరణం పేరు చెప్పి ఎవరైనా ఒక వైపే వాదిస్తే, ఏ ఆసుపత్రి లెక్క అని అడగండి.

ఖర్చు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నిర్ణయాలన్నీ చివరికి అక్కడే జరుగుతాయి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటగా మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. పేరు ఎన్నిసార్లు మారినా పద్ధతి ఒక్కటే, ఒక ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ. ఆ ప్యాకేజీలో కొత్త స్కోప్ ఖరీదు ఇమడదు. అందుకే పేదవాడికి కడిగినది, డబ్బు పెట్టుకునేవాడికి కొత్తది అన్న తేడా వచ్చేస్తోంది. నాకు ఆ తేడా కన్నా, ఆ కడిగినది ఎలా కడిగారన్నదే ఎక్కువ బాధ. బాగా కడిగిన స్కోప్ పేదవాడికి తక్కువ రకం కాదు.

ఒక లెక్క చెప్తాను. ఇవి ధరలు కావు, అర్థం కావడానికి అనుకున్న అంకెలు. ఒక స్కోప్ రిపేరుకు మూడు లక్షలు అవుతుందనుకోండి. లేజర్ ఫైబర్ లోపలుండగానే వంచి, బ్రష్ మోటుగా తోసి, తొట్టిలో ధడాలున పడేసి, ఇరవై కేసులకే చెడగొడితే కేసుకు పదిహేను వేలు. అదే జాగ్రత్తగా వాడి వంద కేసులకు తెస్తే మూడు వేలు. స్కోప్ అదే, ఆసుపత్రి అదే. మధ్యలో ఉన్న పన్నెండు వేల తేడా ఎవరి చేతిలో ఉంది? కొంత డాక్టరు గారి చేతిలో, మిగతాది మీ చేతుల్లో. కిడ్నీ అడుగు గదిలో రాయి ఉండి స్కోప్‌ని బాగా మెలితిప్పాల్సిన కేసు వస్తే, పెద్ద రాయి వచ్చి గంటల తరబడి లేజర్ కొట్టాల్సి వస్తే, ఆ ఒక్క కేసుకు డిస్పోజబుల్ తీసి, మంచి స్కోప్‌ని దాచుకోవడం తెలివైన పని. నెలకు మూడు నాలుగు కేసులు చేసే చిన్న ఆసుపత్రి ఖరీదైన స్కోప్ కొని బీరువాలో పెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు. అక్కడ కడగడం అలవాటైన చెయ్యే ఉండదు.

అందుకే నన్ను ఎవరైనా ‘సిస్టర్, ఏది కొనమంటారు’ అని అడిగితే, ముందు మీ కడిగే గది చూపించండి అంటాను. తొట్లు రెండున్నాయా, ఒకటేనా? చివరిసారి కడగడానికి శుద్ధి చేసిన నీళ్ళా, బోరు నీళ్ళా? బ్రష్ ప్రతి కేసుకూ కొత్తదా, వెంట్రుకలు రాలిపోయిన పాతదా? స్కోప్ నెంబరు, రోగి పేరు, కడిగిన మనిషి సంతకం, లీక్ టెస్ట్ ఫలితం రాసిన పుస్తకం ఉందా? అన్నిటికన్నా ముఖ్యం, ఆ కడిగే మనిషికి ఆ పని ఒక్కటేనా, లేక మధ్యలో టీ తేవడానికి, స్ట్రెచర్ తోయడానికి కూడా పంపుతున్నారా? ఈ జవాబులు బాగుంటే కడిగే స్కోపే కొనండి, రెండు మూడు కొనండి, లిస్టు దానికి తగ్గట్టు వేసుకోండి. బాగోకపోతే, బాగుపడేదాకా డిస్పోజబుల్ వాడండి, కత్తెర పక్కన పెట్టుకోండి. ఏ స్కోప్ అయినా, ముందు యూరిన్ కల్చర్ చూడకుండా కేసు ఎక్కించవద్దని డాక్టరు గారికి మీరే గుర్తు చేయండి. గుర్తు చేస్తే వాళ్ళు ఏమీ అనుకోరు, ఇక్కడున్న సార్ తలూపుతున్నారు కూడా.

ఆ సోంపేట ఆయన మళ్ళీ ఒకసారి వచ్చాడు, రెండో పక్క రాయితో. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టి జీడిపప్పు పొట్లం తెచ్చి ఇచ్చింది. ఆ రోజు ఆవిడను బయట బల్ల మీద కూర్చోబెట్టి, అప్పుడు జరిగింది చెప్పాను. పరీక్ష ఒకటి చెయ్యకుండా వదిలేశానని, జ్వరం దాని వల్ల వచ్చిందో లేదో నాకు తెలియదని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘ఈసారి సూసినావా తల్లీ?’ అని అడిగింది. చూశానమ్మా, రెండుసార్లు చూశాను అని చెప్పాను.

ఇక నేను మాట్లాడింది చాలు. ఆ తొట్టిలో నీళ్ళు నింపి పెట్టించాను. ఈ పాత స్కోప్‌కి ఒక చోట చిల్లు ఉంది, ఎక్కడుందో నేను చెప్పను. నలుగురు నలుగురుగా రండి, చేతులు కడుక్కుని రండి. పంపు ఇటున్న అమ్మాయి పట్టుకుంటుంది. తల నెమ్మదిగా వంచాలి, బుడగ రాగానే చెప్పాలి. మొదటి వరస, లేవండి.